ఒకే వరసలో రెండు లైన్లు

మా వదినకు భయం ఎక్కువ. పాముకో తేలుకో భయపడితే నలుగురూ సానుభూతి చూపిస్తారు. ఈవిడ భయమల్లా "మా ఇంట్లో అలా కాదమ్మా" అన్న మాటకి.

వాళ్ళమ్మ చిన్నప్పుడే పోయింది. నాన్న లారీ డ్రైవరు, ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ బతికాడు. దాంతో పిల్ల పెద్దమ్మ ఇంట్లో కొన్నాళ్ళు, మేనమామ ఇంట్లో కొన్నాళ్ళు, మేనత్త ఇంట్లో కొన్నాళ్ళు పెరిగింది. పెద్దమ్మ ఇంట్లో చెప్పులు గుమ్మం వైపు తిప్పి విప్పాలి. మేనమామ ఇంట్లో గోడ వైపు. మేనత్త ఇంట్లో తడి గ్లాసు బోర్లిస్తే తప్పు, తుడిచి నిలబెట్టాలి. ఎవరూ పల్లెత్తు మాట అనలేదట. అన్నం పెట్టారు, చదివించారు. కానీ "మా ఇంట్లో అలా కాదమ్మా" అని ఎవరైనా మెత్తగా అన్నారంటే చాలు, పిల్లకి ఆ పూట ముద్ద దిగేది కాదు. మళ్ళీ పెట్టె సర్దుకోమంటారేమోనని.

అలా ఆవిడకో విద్య అబ్బింది. ఏ ఇంట్లో అడుగు పెట్టినా ఒక్క చూపుతో ఆ ఇంటి పద్ధతి పట్టేస్తుంది. మా ఇంటికి కోడలిగా వచ్చిన మర్నాడే మా అమ్మ వంటింట్లోకి వెళ్ళి, గరిటెలన్నీ తను పెట్టినట్టే ఉండటం చూసి, "ఇవాళ నేను పొద్దున్నే లేచి సర్దేశానా ఏంటే?" అని నన్నడిగింది. ఇప్పటికీ అంతే. మా అమ్మ పొడగరి, చక్కెర డబ్బా అన్నిటికంటే పై అరలో పెడుతుంది. వదిన నా భుజానికి వస్తుంది. రోజూ కాఫీకి స్టూలు వేసుకుని, ఒక చేత్తో అర పట్టుకుని, మునివేళ్ళ మీద లేచి డబ్బా తీస్తుంది. ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి. "కింద పెట్టుకోవచ్చుగా వదినా, పడి నడుం విరగ్గొట్టుకుంటావా?" అని నేను అరిస్తే, "అలవాటైపోయింది చిన్నీ" అంటుంది. నన్ను ఇంట్లో చిన్నీ అంటారు. నా ఒళ్ళు చూసినవాళ్ళెవరూ నమ్మరు గానీ.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. మా విషయంలో అది ముప్పావు దాకా వెళ్ళింది. ఇంట్లోనే కాదు, ఆఫీసులో కూడా మేమిద్దరం ఒకే చోట. లిఫ్టులు తయారుచేసే కంపెనీ మాది. నేను ఫోన్ల దగ్గర కూర్చుంటాను. లిఫ్టు ఆగిపోయిందని జనం తిట్టే తిట్లు ముందు నా చెవిలో పడి, తర్వాత మెకానిక్‌కి చేరతాయి. వదిన లిఫ్టు నడిపే ప్రోగ్రాములు రాస్తుంది. చదువు ఆవిడది, నోరు నాది.

ప్రోగ్రాం అంటే నాకు తెలిసినంతలో చెబుతాను. అదొక ఆజ్ఞల వరస. లైను కింద లైను. "ఇలా జరిగితే" అని ఒక షరతు రాసి, జరిగితే ఏం చెయ్యాలో దాని కింద కాస్త లోపలికి జరిపి రాస్తారు. ఆ జరపడం దగ్గరే ఉంది రామాయణమంతా. ఒకడు రెండు ఖాళీలు జరుపుతాడు, ఒకడు నాలుగు, ఇంకొకడు ట్యాబ్ మీట ఒక్కసారి నొక్కి ఊరుకుంటాడు. షరతు కిందికొచ్చే ఆజ్ఞల్ని కలిపి పట్టుకోడానికి మీసాల్లా వంపు తిరిగిన బ్రాకెట్లు ఉంటాయి. ఆ మీసం పై లైను చివర ఉండాలా, కింది లైను మొదట్లో ఉండాలా అని పెళ్ళాం పిల్లలున్న మగాళ్ళు కుర్చీలు వెనక్కి తోసి లేచి వాదించుకోవడం నేను కళ్ళారా చూశాను. యంత్రానికి ఇవేవీ పట్టవు. ఎన్ని ఖాళీలున్నా దానికొకటే. ఈ తగువంతా చదివే మనుషుల కోసం.

వదినకి ఏ తగువూ లేదు. పోరు నష్టం, పొందు లాభం. మొదటి టీంలో ట్యాబులు, ఆవిడా ట్యాబులే. తర్వాతి టీంలో రెండు ఖాళీలు, ఆవిడా రెండే. ఎవరి ఫైలు తెరిస్తే వాళ్ళలాగే రాస్తుంది. ఆఫీసులో ఆవిడకి 'సర్దుబాటు' అని పేరు పెట్టారు. ఏ ఎండకా గొడుగు అని వెనక నవ్వుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకేం తెలుసు, ఆవిడ గొడుగు పట్టేది లాభానికి కాదని. తడిస్తే ఇంట్లోంచి పొమ్మంటారని.

కిందటేడు ఆవిణ్ణి తలుపుల టీంలో వేశారు. దాని పెద్దని అందరం 'కత్తెర' అంటాం, ఆయన లేనప్పుడు. పని తెలిసినవాడే, కాదనను. కానీ ఎక్కడైనా ఒక్క అక్షరం ఎక్కువున్నా ఆయనకి దురద. షరతు కింద ఒకటే ఆజ్ఞ ఉంటే బ్రాకెట్లు పెట్టకూడదన్నది ఆయన నియమం. అలా వదిలేసినా యంత్రం తప్పు పట్టదు, షరతు కిందున్న ఆ ఒక్క ఆజ్ఞనీ తనంతట తనే షరతుకి కలుపుకుంటుంది. వదిన మొదటి వారం ఒక ఫైలు పంపింది, బ్రాకెట్లతో. ఆయన దాన్ని గోడ మీది పెద్ద తెర మీద వేసి, అందరి ముందూ, "ఒక్క మనిషి పడుకోడానికి రెండు మంచాలెందుకమ్మా? మన దగ్గర ఇలా కాదు" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. కానీ వదిన మధ్యాహ్నం డబ్బా విప్పలేదు. మర్నాటి నుంచి ఆవిడ రాసింది కత్తెర రాశాడో, ఆవిడ రాసిందో ఆయనే చెప్పలేనట్టు తయారైంది.

ఇక్కడ మా బిల్డింగు సంగతి చెప్పాలి. మేముండేది ఏడో అంతస్తు. లిఫ్టు మా కంపెనీదే, కానీ పాతకాలంది. తలుపుకి ఏదైనా అడ్డం తగిలితే ఆగుతుంది గానీ వెనక్కి తెరుచుకోదు. మోకాళ్ళు అరిగిన మా అమ్మకి అది వరమైంది. సాయంత్రం కింద బెంచీ దగ్గరికి వెళ్ళేముందు ఎదురింటావిడతో ఒక విడత కబుర్లుంటాయి. అవి అయ్యేదాకా లిఫ్టు పారిపోకుండా, తన చేతికర్రని తలుపుకి అడ్డంగా పెట్టి, ఒక కాలు లోపలా ఒక కాలు బయటా వేసి నిలబడుతుంది. కిందివాళ్ళు బటన్ నొక్కి నొక్కి తిట్టుకుంటారు. "తలుపు పడందే అది కదలదు, నాకు తెలియదా?" అంటుంది మహారాణి.

నిజమే, కదలదు. తలుపు పూర్తిగా పడితేనే బ్రేకు వదలమని ప్రోగ్రాంలో ఉంది. అదిగాక తలుపు దగ్గర ఒక ఇనుప గొళ్ళెం ఉంటుంది, అది పడితే గానీ మోటారుకి కరెంటు వెళ్ళదు. మా ఏడో అంతస్తు గొళ్ళెం మాత్రం అరిగిపోయి, లిఫ్టు మాటిమాటికీ ఆగిపోతుంటే, మెకానిక్ వచ్చి అది పడకపోయినా కరెంటు వెళ్ళేలా వైరు ముక్కతో కలిపేసి, "కొత్తది వచ్చేదాకా ఇలా కానిద్దాం" అని వెళ్ళిపోయాడు. అది మా ఇంటి గుమ్మం ముందే చేశాడు కాబట్టి మాకు తెలుసు. అంటే ఇక మిగిలింది ప్రోగ్రామొక్కటే.

ఆ రోజు మధ్యాహ్నం మెకానిక్ నాకు ఫోన్ చేసి, "అక్కా, మీ బిల్డింగులో కొత్త ప్రోగ్రాం ఎక్కించేశాను. మీవాళ్ళే ఉన్నారు కదా, ఏదన్నా తేడా వస్తే వెంటనే తెలుస్తుందని ముందు అక్కడే పెట్టమన్నారు" అన్నాడు. కరెంటు పెట్టెలో కొత్తగా చిన్న ఎర్రదీపం వెలుగుతోందని, తలుపు పడిందీ లేందీ ఇప్పుడు చటుక్కున తెలుస్తోందని మురిసిపోయాడు. ఆ దీపం లైను రాసింది మా వదినే. "మా వదిన పనే అది" అని నేను కూడా గొప్పగా చెప్పాను.

వదిన ఆ రోజు తలుపుల టీంలో లేదు. మెకానిక్‌ల డ్యూటీ చార్టులు తయారుచేసే ఇంకో టీంకి కొన్నాళ్ళు అప్పిచ్చారు. అక్కడ వాడే భాష వేరు. పక్కన కూర్చున్న అబ్బాయి చూపిస్తున్నాడట. "ఇక్కడ బ్రాకెట్లే ఉండవండీ. షరతు కింద ఏ లైన్లు ఒకే వరసలో లోపలికి జరిగి ఉన్నాయో అవన్నీ ఆ షరతువే. వరసే లెక్క. మీ తలుపుల దగ్గరలా కాదు."

మా తలుపుల దగ్గర ఎలా, అని వదిన మనసులో అనుకుందట. అక్కడ వరస లెక్కలోకి రాదు. బ్రాకెట్లుంటేనే కలిపి పట్టుకునేది. లేకపోతే షరతుకి దక్కేది మొదటి లైనొక్కటే.

అప్పుడు ఆవిడ చేతులు మీటల మీదే ఆగిపోయాయి.

నేను ఎవరో పెద్దాయన తిట్లు వింటున్నాను. ఎదురుగా వదిన వచ్చి నిలబడింది.  చెయ్యి చాపి నా ఫోను లైను కట్ చేసింది. ఇన్నేళ్ళలో ఎవరి వస్తువూ అడక్కుండా ముట్టుకోని మనిషి.

"మన బిల్డింగులో ఎక్కించారా?"

"మధ్యాహ్నమే ఎక్కించాడుగా. ఏమైంది?"

ఆవిడ నన్ను చెయ్యి పట్టి తన తెర దగ్గరికి లాక్కెళ్ళి చూపించింది. తలుపు పూర్తిగా పడితే, అని షరతు. దాని కింద నాలుగు ఖాళీలు జరిపి, దీపం వెలిగించు. దాని కింద, సరిగ్గా అదే వరసలో, బ్రేకు వదులు. ముగ్గు వేసినంత అందంగా ఉంది.

"బాగానే ఉందిగా?" అన్నాను.

"అందరికీ బాగానే ఉంది. నాక్కూడా." అంది ఆవిడ. "ఇదివరకు బ్రేకు లైనొక్కటే ఉండేది, బ్రాకెట్లు లేవు. నేను పైన దీపం లైను చేర్చాను. అప్పుడు బ్రాకెట్లు పెట్టాలి చిన్నీ. పెట్టబోయాను కూడా. మళ్ళీ మంచాలంటాడేమోనని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కంటికి రెండూ షరతు కిందే ఉన్నాయి. యంత్రానికి దీపమొక్కటే షరతు కింద. బ్రేకుకి ఇప్పుడు షరతే లేదు."

నాకు అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. తలుపు పడినా, పడకపోయినా, ఎవరైనా బటన్ నొక్కితే లిఫ్టు కదులుతుంది. ఇక్కడి పరీక్ష బల్ల మీద ప్రతిసారీ తలుపు బుద్ధిగా పడింది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

"అత్తయ్య కిందికి వెళ్ళే వేళయింది" అంది వదిన.

 అమ్మ కర్ర, లోపలున్న ఆ ఒక్క కాలు, కళ్ళ ముందు కనబడ్డాయి. ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. అమ్మ ఫోను ఎప్పుడూ ఫ్రిజ్ మీదే ఉంటుంది, పూజలందుకుంటున్నట్టు. మెకానిక్‌కి చేశాను. ఎత్తలేదు, ఏ లిఫ్టు గోతిలో ఉన్నాడో. వాచ్‌మన్ నంబరూ, ఎదురింటివాళ్ళ నంబరూ అన్నయ్య దగ్గరున్నాయి, ఫ్యాక్టరీలో అన్నయ్య ఫోను గేటు బయట పెట్టెలో ఉంది.

వెళ్ళేదారిలో కత్తెర ఎదురయ్యాడు. వదిన రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి, "కంగారు పడకండి, గొళ్ళెం ఉంటుంది కదా" అన్నాడు.

"అక్కడ లేదండీ" అని, ఆయన ఇంకేదో అంటుండగానే ఆవిడ మెట్లు దిగేసింది. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే వదిన కదలగా చూడటం నాకదే మొదటిసారి.

టాక్సీ ఎక్కాం. నేను అమ్మకి చేస్తూనే ఉన్నాను. ఒక సిగ్నల్ దగ్గర బండి ఆగితే, వదిన డ్రైవరు సీటు వెనక భాగాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకి తోస్తోంది, అలా తోస్తే బండి కదులుతుందన్నట్టు.  తిట్టాలని ఉంది, ఎవర్ని తిట్టాలో తెలియడం లేదు. కత్తెరనా, మెకానిక్‌నా, కబుర్ల పిచ్చి ఉన్న మా అమ్మనా, ఇంత భయస్తురాలైన ఈవిణ్ణా. చివరికి పైకి మాత్రం "ఏం కాదులే వదినా" అన్నాను. 

బిల్డింగు ముందు దిగాం. బెంచీ మీద అమ్మ లేదు. అమ్మ స్నేహితురాళ్ళు ఇద్దరు కూర్చుని ఉన్నారు, మధ్యలో అమ్మ చోటు ఖాళీగా ఉంది. నేను పరుగున వెళ్ళి, అలవాటు చొప్పున లిఫ్టు బటన్ మీదికి చెయ్యి పెట్టాను. ఆ చెయ్యి మీద వదిన ఛెళ్ళున కొట్టింది.

"నొక్కకు! పైన తలుపులో నిలబడి ఉంటే?"

బటన్ పైనున్న అంకె చూశాను. ఏడు. లిఫ్టు మా అంతస్తులోనే ఉంది.

వదిన వాచ్‌మన్‌ని రెండు భుజాలూ పట్టుకుని తెచ్చి ఆ బటన్‌కి అడ్డంగా నిలబెట్టింది. "ఎవర్నీ నొక్కనివ్వకు. యజమాని వచ్చినా సరే." మెయిన్ స్విచ్ పైన డాబా మీది గదిలో ఉంది, తాళంచెవి మెకానిక్ తీసుకుపోయాడట. ఇక మెట్లే. మధ్యలో ఉన్న అంతస్తుల్లో ఎవరు ఎప్పుడు నొక్కుతారో దేవుడికే తెలియాలి. ప్రతి అంతస్తులోనూ ఒక బటన్ ఉంది.

నా ఒంటికి మెట్లు పడవు. వదిన ఎక్కుతూ ఎక్కుతూనే ప్రతి అంతస్తులో "లిఫ్టు నొక్కొద్దండీ" అని అరుస్తోంది, ఆ అరుపులకి తలుపులు తెరుచుకుంటున్నాయి. అప్పటికే ఒకాయన ఐదో అంతస్తులో చెత్తబుట్ట పట్టుకుని లిఫ్టు ముందు నిలబడ్డాడు. మేము ఆయన్ని దాటాం. ఆయన మమ్మల్ని వింతగా చూశాడు. ఆయన వేలు అప్పటికే నొక్కిందో, అప్పుడే నొక్కిందో నాకిప్పటికీ తెలియదు. పై నుంచి మోటారు మూలుగు వినబడ్డాక గానీ ఆయన నొక్కేశాడని నాకు వెలగలేదు. లిఫ్టు తలుపు పడటం మొదలైంది.

నేను ఆరో అంతస్తు మలుపులో ఉన్నాను. అక్కణ్ణుంచి పైకి చూస్తే మా గుమ్మం ముందు అమ్మ కనిపించింది. కర్ర తలుపుకి అడ్డంగా ఉంది. ఒక కాలు లోపల. ముఖం ఎదురింటావిడ వైపు. నవ్వుతోంది. తలుపు వచ్చి కర్రకి తగిలి ఆగింది. అమ్మ దాని వైపు చూడను కూడా లేదు, అది రోజూ అలాగే ఆగుతుంది.

"వెనక్కి రా! కర్ర వదిలెయ్! వెనక్కి రావే!"

ఆ గొంతు ఎవరిదో నాకు తెలియలేదు. వదినది. అత్తని పట్టుకుని 'రావే' అంది. మా అమ్మ ఆ మాటకే అదిరిపడింది. తనని అంత మాట అన్నదెవరా అని ఇటు తిరిగింది, తిరగడంలో లోపలున్న కాలు బయటికి వచ్చింది, చెయ్యి కర్రని వదిలింది. ఎదురింటావిడ జబ్బ పట్టి లాగింది.

లిఫ్టు కిందికి దిగింది. తలుపు తెరిచే ఉంది. దాని పైకప్పు అంచు దిగి వచ్చి కర్ర మీద ఆగింది, ఒక్క క్షణం. తర్వాత కర్ర ఫెళ్ళున విరిగింది. ఒక ముక్క లిఫ్టుతో పోయింది, ఒక ముక్క అమ్మ పాదాల దగ్గరికి దొర్లింది.

అమ్మ మెట్టు మీద కూలబడింది. కాసేపు ఆ ముక్కనే చూసింది. తర్వాత తన కుడి మోకాలు రెండు చేతులతో పట్టుకుంది, ఉందో లేదో చూసుకున్నట్టు. వదిన గోడకి ఆనుకుని నిలబడి, "క్షమించండి అత్తయ్యా, మిమ్మల్ని అలా అనేశాను" అంటోంది.  నేను అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

చీకటి పడకముందే కత్తెర మెకానిక్‌ని వెంటబెట్టుకుని స్వయంగా వచ్చాడు. పాత ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించారు, గొళ్ళెం మార్చేదాకా లిఫ్టుకి తాళం వేశారు. ఆయన మా గుమ్మంలో నిలబడి కర్ర ముక్క చూశాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఆ లైన్లు నేనూ చూశానమ్మా. రెండుసార్లు చూశాను. నాకు ముచ్చటేసింది" అన్నాడు.

వదిన తల దించుకునే ఉంది. "ఇకమీదట ఒక్క లైనున్నా నేను బ్రాకెట్లు పెడతానండీ" అంది. 

"పెట్టండి. నేనూ పెడతాను" అని ఆయన ఏడంతస్తులూ మెట్ల మీదే దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి అమ్మ వంటింట్లో గోడ పట్టుకుని నిలబడి, పై అర తడుముతోంది. చక్కెర డబ్బా అక్కడ లేదు. పొయ్యి పక్కన బల్ల మీద ఉంది. పొట్టికాలు స్టూలు వసారాలో ఉంది. అమ్మ ఆ డబ్బాని చూసింది, కోడల్ని చూసింది. ఆ నాలుక చివర ఏ మాట ఉందో నాకు తెలుసు, పుట్టినప్పటి నుంచి వింటున్నదే.

"చక్కెర ఇక్కడెందుకు పెట్టావమ్మా?" అని మాత్రం అడిగింది.

వదిన వెనక్కి తిరగలేదు. పోస్తున్న పాలు రెండు చుక్కలు బల్ల మీద ఒలికాయి.

"నాకు అందట్లేదు అత్తయ్యా" అంది.